రెండో సగం ఆడిన పిల్ల

2009 ఫిబ్రవరిలో టెక్సాస్‌లోని ఫ్రిస్కో పక్కన జరిగిన ఆడపిల్లల సాకర్ షోకేస్‌కి మా క్లబ్ తరఫున అథ్లెటిక్ ట్రైనర్‌గా నాకు డ్యూటీ పడింది. శని, ఆదివారాలు రెండు రోజులూ పక్కపక్కనే ఉన్న నాలుగు మైదానాలు నా బాధ్యత. అప్పటికి ఆ క్లబ్‌లో నాకది మూడో ఏడు.

ట్రైనర్ అనగానే మనవాళ్ళు జిమ్‌లో బరువులు ఎత్తించే మనిషి అనుకుంటారు. మా తెలుగు చర్చిలో ఒక పెద్దాయన చివరిదాకా నన్ను "ఫుట్‌బాల్ నర్సమ్మ" అనే పిలిచాడు. ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే పోనీలెమ్మని ఊరుకున్నాను. నేను గుంటూరులో ఫిజియోథెరపీ చదివి, మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, ఇక్కడికి వచ్చాక మళ్ళీ కాలేజీకి వెళ్ళి, మళ్ళీ పరీక్ష రాసి ఈ సర్టిఫికెట్ తెచ్చుకున్నదాన్ని. మైదానం అంచున నిలబడి, దెబ్బ తగిలిన పిల్లని అందరికంటే ముందు చూడటం నా పని. మడమకి పట్టీ వేయడం దగ్గర్నుంచి తలకి తగిలిన దెబ్బ ఎంతటిదో తేల్చడం దాకా అన్నీ అందులోకే వస్తాయి. క్లబ్‌లో డైరెక్టర్, ఆయన కింద కోచ్‌లు, వాళ్ళ కింద టీమ్ మేనేజర్లు అని ఒక వరస ఉంటుంది. ఆ వరసలో నేనెక్కడా లేను. ఎవరు ఆడాలో చెప్పే హక్కు నాకు లేదు. ఎవరు ఆడకూడదో మాత్రం నేనే చెప్పాలి, దాన్ని డైరెక్టర్ కూడా కాదనడానికి వీల్లేదు. రూల్ అంతవరకే. ఆ తర్వాతి సీజన్‌కి నన్ను ఉంచాలా వద్దా అన్నది మాత్రం ఆయన చేతిలో పని.

షోకేస్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. ఉన్నదున్నట్టు చెప్పాలంటే పెళ్ళిచూపులే, కాకపోతే చూడటానికి వచ్చినవాళ్ళు నోరు విప్పకూడదు. యూనివర్సిటీల కోచ్‌లు మడతకుర్చీలు తెచ్చుకుని మైదానానికి ఒక పక్క వరసగా కూర్చుంటారు. తల్లిదండ్రులు అవతలి పక్క. పిల్ల ఫలానా క్లాసుకి వచ్చేదాకా కాలేజీ కోచ్ ఆ పిల్లతో మాట్లాడకూడదని రూలు. ఎదురుపడితే "హలో" అనొచ్చు, అంతే. కానీ క్లబ్ డైరెక్టర్‌తో మాట్లాడొచ్చు. డైరెక్టర్ వచ్చి పిల్లకి చెప్తాడు, ఈ టైముకి ఫోన్ చేయమ్మా అని. పిల్ల ఫోన్ చేసినప్పుడు కోచ్ ఎత్తితే తప్పులేదు! అదేం రూలో, రాసినవాళ్ళకే తెలియాలి. ఈ దొడ్డిదారినే ఆ రోజుల్లో తొమ్మిది, పది చదివే పిల్లలకి కూడా కాలేజీ సీటు మాట వచ్చేసేది. సంతకాలేవీ ఉండవు, నోటిమాట మాత్రమే. అయినా దాన్ని అందరూ గౌరవించేవారు. మిగతా స్థానాలకి అయిదారుగురిని తీసుకున్నా, గోల్‌కీపర్‌ని మాత్రం ఒక కాలేజీ ఏడాదికి ఒక్కరినే తీసుకుంటుంది. ఒక్కో ఏడు అదీ ఉండదు.

మేఘన గోల్‌కీపర్. పది చదువుతోంది. వాళ్ళమ్మ విజయ సాఫ్ట్‌వేర్ టెస్టర్, ఒంగోలు అమ్మాయి. ముందు ఏడాది దాకా మేఘన వాళ్ళ ఇంటికి దగ్గర్లో ఒక చిన్న క్లబ్‌లో ఆడేది. అక్కడ కోచ్ ఒక స్కూల్ టీచరు, పిల్లలందరికీ ఆయనంటే ప్రాణం. కానీ చిన్న క్లబ్ పిల్లల్ని చూడటానికి కాలేజీలవాళ్ళు ఎవరొస్తారు? విజయ బాగా ఆలోచించుకుని, కూతురి ఏడుపు కూడా భరించి, మా పెద్ద క్లబ్‌కి మార్పించింది. మా టీమ్‌లో ఇద్దరు కీపర్లు, మేఘన, కేట్లిన్. శనివారం ఆట మేఘనది, ఆదివారం మాత్రం ఆ పిల్ల ఆటని బట్టి అని కోచ్ ముందే చెప్పాడు. దూరాన ఒక యూనివర్సిటీకి కీపర్ కావాలి. శనివారం వాళ్ళ అసిస్టెంట్ కోచ్ వస్తుంది, ఆమెకి నచ్చితే ఆదివారం హెడ్ కోచ్ వస్తాడు. విజయ నాకు ఈ సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఆ వారం టోర్నమెంట్‌వాళ్ళు కొత్త నియమం పెట్టారు. అంతకుముందు ఎక్కడో తల్లిదండ్రులు రిఫరీ మీద అరిచి గొడవ చేశారట. అందుకని ఈ రెండు రోజులూ మైదానం బయట ఎవరూ గొంతెత్తకూడదు. చప్పట్లు కొట్టొచ్చు, కేకలు కూడదు. గేటు దగ్గరే ప్రతి పెద్దమనిషికీ ఒక లాలీపాప్ చేతిలో పెట్టారు, నోరు ఊరుకోడానికి! మొదట నాకు నవ్వొచ్చింది. లోపలికి వెళ్ళాక నవ్వు ఆగిపోయింది. పొగమంచు ఇంకా విడలేదు. అవతలి గోల్ కనిపించీ కనిపించనట్టు ఉంది. వందలమంది పెద్దవాళ్ళు నోట్లో పుల్లలు పెట్టుకుని, కళ్ళప్పగించి, కిక్కురుమనకుండా నిలబడి ఉన్నారు. బూట్ల చప్పుడు, బంతి చప్పుడు, విజిల్, అంతే. చావు ఇంట్లో కూడా అంతకంటే ఎక్కువ మాటలు వినపడతాయి.

మేఘన ఆట మొదటి సగం నేను చూడలేదు. మూడో మైదానంలో ఒక పిల్ల కాలు మడతపడితే అక్కడ ఉన్నాను. దానికి కట్టు కట్టి వచ్చేసరికి ఇక్కడ రెండో సగం మొదలైంది. మా బెంచీ దగ్గరికి నడుస్తుంటే మంచులోంచి ఒక గొంతు వినపడింది.

"నాది! నాది!"

ఒక్క క్షణం నేనెక్కడున్నానో మర్చిపోయాను. బంతి తను పట్టుకుంటానని డిఫెండర్లకి చెప్పడానికి ఇక్కడి గోల్‌కీపర్లు "కీపర్!" అని అరుస్తారు. దూరంగా తన్నేయమనడానికి "అవే!" అంటారు. మేఘన కూడా రోజూ అలాగే అరిచేది. ఆవేళ "నాది" అంటోంది. "తన్నెయ్, తన్నెయ్! అటు పో!" అంటోంది. ముందున్న నలుగురు డిఫెండర్లూ తెలుగు ముక్క తెలియని పిల్లలు. వాళ్ళు తను ఎటు పొమ్మంటే అటే పోతున్నారు, ఆగమంటే ఆగుతున్నారు.

నిజం చెప్పొద్దూ, మొదట నాకు ఆనందమే వేసింది. టెక్సాస్‌లో, అంత నిశ్శబ్దంలో, మన మాట ఖంగుమని వినపడుతుంటే ఎవరికి ఉండదు? పక్కనున్నవాళ్ళకి చెప్పబోయాను కూడా. అంతలో మేఘన గోల్ కిక్ తీయడానికి బంతి కింద పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకి వాల్చి, "అమ్మమ్మా, తన్నేదా?" అని అడిగింది. ఆగింది. ఎవరో జవాబు చెప్పినట్టు "ఆఁ" అని తలూపి, అప్పుడు తన్నింది.

వాళ్ళ అమ్మమ్మ ఒంగోలులో ఉంది. ఈ వేళకి అక్కడ అందరూ పడుకుని ఉంటారు.

బెంచీ మీంచి కేట్లిన్ లేచి నా దగ్గరికి వచ్చింది. మొదటి సగం చివర్లో బంతి పట్టుకోబోయి మేఘన తల గోల్‌పోస్టుకి కొట్టుకుందనీ, బంతి వదలకుండా తనంతట తనే లేచి నిలబడేసరికి ఎవరూ పట్టించుకోలేదనీ, అంతలోనే విజిల్ పడిందనీ చెప్పింది. విరామంలో మనం ఏ వైపు గోల్ తీసుకుంటున్నాం అని తనని మళ్ళీ మళ్ళీ అడిగిందట. కేట్లిన్ వెళ్ళి కోచ్‌కి చెప్తే ఆయన ఓ నవ్వు నవ్వి ఊరుకున్నాడట. ఊరుకోడూ మరి! పక్క కీపర్ బయటికొస్తే ఆడబోయేది తనే కదా, ఆ పిల్ల మాట ఎవరు నమ్ముతారు? నేను నమ్మాను, నా చెవులతో విన్నాను కాబట్టి.

వెంటనే బయటికి తీయమని కోచ్‌తో చెప్పాను. రిఫరీ పిలవనిదే నేను మైదానంలో అడుగుపెట్టకూడదు. ఆట ఆగినప్పుడు కోచ్ మార్పు అడిగితేనే పిల్ల బయటికి రావాలి. ఆయన నావైపు చూడకుండా అవతల కుర్చీల్లో కూర్చున్న కాలేజీ కోచ్‌లని గడ్డంతో చూపించాడు. అందరూ మా గోల్ వైపుకి కుర్చీలు జరుపుకున్నారు. ఆయన చొక్కా పట్టుకుని లాగినంత పని చేశాను. సరే, ఈసారి ఆట ఆగగానే తీస్తానన్నాడు. ఆట ఆగింది, కానీ పెనాల్టీకి ఆగింది. ఇప్పుడు ఎలా తీస్తామని చేతులెత్తేశాడు.

ఆ పెనాల్టీ నేను చచ్చేదాకా మర్చిపోను. కీపర్ అన్నాక గీత మీద అటూ ఇటూ కదులుతుంది, తన్నేదాని కళ్ళలోకి, కాళ్ళలోకి చూస్తుంది. మేఘన ఎవరినీ చూడలేదు. చేతులు కిందికి వేలాడేసి, మంచులోకి ఎటో చూస్తూ నిలబడింది. అవతలి పిల్ల తన్నకముందే, నిద్రలో పక్క తిరిగినట్టు, నెమ్మదిగా కుడివైపుకి వాలిపోయింది. బంతి వచ్చి దాని చేతుల్లో పడింది. తోటిపిల్లలు పరుగున వచ్చి మీద పడితే మేఘన నవ్వలేదు. బంతిని గుండెలకి అదుముకుని వాళ్ళ మొహాల్లోకి ఒక్కొక్కరి వంకా చూసింది, ఎవరు వీళ్ళంతా అన్నట్టు. గట్టుమీద అన్ని వందలమందిలో ఎవరూ అరవలేదు. చప్పట్లు మాత్రం కొట్టారు. కాస్సేపటికి ఆఖరి విజిల్ పడింది. కాలేజీ కోచ్‌లందరూ ఒక్కసారే లేచి, కుర్చీలు మడిచి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మంచులోకి వెళ్ళిపోయారు.

మేఘనని నా టెంట్‌లో కూర్చోబెట్టాను. తలకి దెబ్బ తగిలినవాళ్ళని అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఏ మైదానంలో ఉన్నాం, ఏ సగం నడుస్తోంది, చివరి గోల్ ఎవరు వేశారు అని. స్కోరెంత అని ఇంగ్లీషులోనే అడిగాను.

"ఇంకా మొదలవలేదుగా ఆంటీ," అంది తెలుగులో.

తర్వాత గ్లవ్ పట్టీ సర్దుకుంటూ, నవ్వుతూ, "ఆంటీ, మనం ఏ గోల్ తీసుకుంటున్నాం?" అని అడిగింది. ఆట అయిపోయిందమ్మా అన్నాను. తలూపింది. కాస్త ఆగి మళ్ళీ పట్టీ సర్దుకుంది, మళ్ళీ అదే నవ్వు, మళ్ళీ అదే మాట, అదే స్వరంలో. మూడోసారి అడిగేసరికి నేను లేచి టెంటు బయటికి వచ్చి ప్రభువా అనుకుని ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది. తలదెబ్బలు నాకు కొత్త కాదు. ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడగడమూ కొత్త కాదు. కానీ అంతసేపు, అంత గొప్పగా ఆడుతున్నప్పుడు మేఘన అసలు అక్కడ లేదన్న సంగతి నాకు ఒక్కసారిగా తెలిసింది. మరి ఇంతసేపూ ఆడిందెవరు?

విజయ పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఆ అసిస్టెంట్ కోచ్ వెళ్తూ వెళ్తూ మా డైరెక్టర్‌తో రేపు హెడ్ కోచ్ తప్పకుండా వస్తాడని చెప్పిందట. పోస్టు దెబ్బ సంగతి చెప్పాను. కంగారుగా కూతురి తల పట్టుకుని నొప్పా అమ్మా అంటే, మేఘన "కొంచెం నీళ్ళు ఇవ్వమ్మా, కళ్ళు మండుతున్నాయి" అంది.

విజయ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ నేననుకున్నందుకు కాదు. "విన్నారా సలోమి గారూ? నీళ్ళు అంది. కళ్ళు అంది. ఎంత చక్కగా అందో చూడండి!"

సంగతేమిటంటే, మేఘన నాలుగేళ్ళ దాకా ఒంగోలులో అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఇక్కడికొచ్చి స్కూల్లో పడ్డాక తెలుగు మొద్దుబారిపోయింది. మామూలుగా అది "నీల్లు" అనేది, "కల్లు" అనేది, ర అంటే అమెరికా ర. ఇంట్లో విజయ ఎంత పోరినా అంతే. ఇప్పుడు ఒంగోలు వీధిలో నాలుగేళ్ళ పిల్ల మాట్లాడినట్టు మాట్లాడుతోంది. తల్లి ప్రాణం దానికి పొంగిపోయింది. ఆ తెలుగే జబ్బు అని ఆమెకి ఎలా చెప్పను?

ఆసుపత్రికి పంపాను. స్కాన్ బాగానే ఉందన్నారు. ఇలాంటి దెబ్బలు స్కాన్‌లో పడవు, రక్తం గడ్డ కట్టిందా ఎముక విరిగిందా అన్నదే పడుతుంది. ఆ సంగతి చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆదివారం పొద్దున మేఘనని మైదానాల పక్కనున్న ఆఫీసు గదికి తీసుకొచ్చారు. ప్రశ్న తిప్పి తిప్పి అడగడం పోయింది. మొదటి సగం కాస్త కాస్త గుర్తుందట, రెండో సగం అసలు లేదు. తలనొప్పి లేదంది. ఆ రోజుల్లో ఈ విషయం మీద టెక్సాస్‌లో చట్టమేదీ లేదు, మా క్లబ్ పద్ధతి మా క్లబ్‌ది. సీజన్ మొదట్లో పిల్లలందరికీ కంప్యూటర్ మీద ఒక పరీక్ష పెడతాం. బొమ్మలు, రంగులు చూపించి గుర్తుపెట్టుకోమంటాం, ఎంత త్వరగా జవాబిస్తారో చూస్తాం. దెబ్బ తగిలాక మళ్ళీ అదే పరీక్ష. పాత మార్కులూ కొత్త మార్కులూ సరిపోతే పిల్ల బాగున్నట్టు లెక్క. మేఘనకి పెట్టాను. సరిగ్గా సరిపోయాయి.

డైరెక్టర్ నా భుజం తట్టాడు. మనిషి మంచివాడే, కానీ పెద్ద కాలేజీలకి వెళ్ళిన పిల్లల ఫొటోలు ఆఫీసు గోడ నిండా పెట్టుకున్నవాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా? స్కాన్ బాగుంది, పరీక్ష బాగుంది, ఇంకేం కావాలి, హెడ్ కోచ్ వచ్చి కూర్చున్నాడు, ఆడొచ్చని కాగితం మీద సంతకం పెట్టేయమన్నాడు.

మేఘన నా చెయ్యి పట్టుకుంది. "నేను బాగానే ఉన్నాను ఆంటీ. ఇవాళ నన్ను ఆడనివ్వండి," అంది. ఒక్క అక్షరం జారలేదు. మర్యాదగా, ముచ్చటగా, ఏ ఒంగోలు పెద్దావిడో నేర్పినట్టు. నిన్న తల దేనికి తగిలిందో ఇంగ్లీషులో చెప్పమన్నాను. నోరు తెరిచింది, మూసింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఇంగ్లీషులోనే పెరిగిన పిల్ల, గోల్‌పోస్టు మాట దొరక్క దిక్కులు చూసింది. చివరికి "ఆ తెల్ల కర్ర" అంది తెలుగులో.

పక్కన విజయ ఊరుకోలేకపోయింది. కాస్త తడబడితే ఏమైందండీ అంది. "మా మేఘన జ్ఞాపకశక్తి మీకు తెలీదు. స్పెల్లింగ్ పోటీల్లో దాని ముందు ఎవరూ నిలిచేవాళ్ళు కాదు. ఒకసారి చూస్తే చాలు దానికి."

ఒకసారి చూస్తే చాలా? మరి సీజన్ మొదట్లో బొమ్మలు గుర్తుపెట్టుకోమంటే సగం కూడా చెప్పలేదేం? ఆ మార్కులు అంత తక్కువగా ఎందుకున్నాయి? నేను గుమ్మం దగ్గర నిలబడ్డ కేట్లిన్ వంక చూశాను. ఆ పిల్ల తేలుకుట్టిన దొంగలా తల దించుకుంది. గట్టిగా అడిగితే చెప్పింది. పెద్ద క్లాసు పిల్లలు నేర్పారట. మొదటి పరీక్ష కావాలని పాడు చేస్తే రేపు తలకి దెబ్బ తగిలినా మార్కుల్లో తేడా రాదు, ఆటలోంచి తీసేయరు. టీమ్ మొత్తం అలాగే రాసిందట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం!

డైరెక్టర్ మొదట లేచి గది తలుపు వేశాడు. ఈ సంగతి బయట అనొద్దన్నాడు. తర్వాత, అయినా ఇప్పుడు రుజువేముంది, నీ అనుమానం తప్ప అన్నాడు. రుజువు లేదు. తెలుగు మరీ బాగా మాట్లాడుతోంది అని రిపోర్టులో రాస్తే ఏ డాక్టరు ఒప్పుకుంటాడు? కానీ తగ్గీ తగ్గని తల మీద ఇంకో దెబ్బ పడితే ఏమవుతుందో నేను చదువుకున్నదాన్ని. అలా పడిపోయి లేవని పిల్లలున్నారు. ఆడటానికి వీల్లేదని చెప్పి సంతకం పెట్టకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

విజయ నామీద విరుచుకుపడింది. "మీరు మనవాళ్ళయ్యుండి ఇలా చేస్తారా? ఇంకొకరైతే ఈపాటికి పంపించేవాళ్ళు!" అంది.

"ఇంకొకరైతే పంపించేవాళ్ళే విజయా," అన్నాను నేనూ కోపంగా. "నేను తెలుగుదాన్ని కాకపోయుంటే నిన్న దాని గొంతులో ఏం మారిందో నాకూ తెలిసేది కాదు. నీ కూతురికి నీళ్ళు అనడం రాదు. ఇప్పుడు వస్తోంది. నీకు భయం వేయట్లేదా?"

విజయ కూతురి చేతిలోంచి గ్లవ్స్ తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు కేట్లిన్ ఆడింది. మేఘన సంగతి చాడీ చెప్పిందని డిఫెండర్లు దాని మాట వినలేదు. మూడు గోల్స్ పడ్డాయి. హెడ్ కోచ్ ఆట అవకముందే కుర్చీ మడుచుకుని వెళ్ళిపోయాడు. నిజం చెప్పినందుకు ఆ పిల్లకి దక్కింది అది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మండుతుంది.

మేఘనకి తగ్గడానికి చాలా వారాలు పట్టింది. స్కూల్లో వెలుతురు భరించలేకపోయేది, చదివింది నిలిచేది కాదు. అప్పుడు విజయకి కూడా అర్థమైంది. వారం వారం నా గదికి తీసుకొచ్చేది. ఒకరోజు మేఘన బల్ల మీద కూర్చుని, ఫోన్ చూసుకుంటూ, "ఆంటీ, కొంచెం నీల్లు," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకోసారి అనవే అని అనిపించాను. "నీల్లు! వాట్?" అని విసుక్కుంది. పగలబడి నవ్వుతూ విజయ వైపు తిరిగాను. విజయ కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు మొహం మీద నిలబడలేదు. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

వేసవికి ముందు ఆ యూనివర్సిటీవాళ్ళు మళ్ళీ వచ్చి మేఘనని చూశారు. ఆరోజు అది బాగా ఆడింది, మామూలు మనిషి బాగా ఆడినట్టు. "కీపర్!" అని అరిచింది, రెండు ఆపింది, ఒకటి వదిలింది, వదిలినందుకు గడ్డిని కాలితో తన్నింది. తర్వాత డైరెక్టర్ చెప్పాడు, వాళ్ళు పెదవి విరిచారట. ఫిబ్రవరిలో చూసిన పిల్ల ఈ పిల్లేనా అని అడిగారట. మేఘనకి ఈ మాట చెప్పాల్సింది ఆయన. చెప్పలేక నా దగ్గరికి పంపించాడు.

అప్పటికి మేఘన ఆ రెండో సగం వీడియో చూసింది. టీమ్ తల్లుల్లో ఒకామె తీసింది. "ఆంటీ, ఐ వాచ్డ్ ఇట్," అంది. "అది నేను కాదు. నాకు అలా ఆడటం రాదు. వాల్లకి ఆ గర్ల్ కావాలంటే ఆ గర్ల్‌నే వెతుక్కోమనండి." ఏడవలేదు. ఆ సీజన్ అయిపోగానే తన పాత చిన్న క్లబ్‌కి వెళ్ళిపోయింది, ఈసారి తనే అడిగి. విజయ అడ్డు చెప్పలేదు. తర్వాత ఇంజనీరింగ్ చదివింది, కాలేజీలో సరదాకి ఆడింది.

మా క్లబ్‌లో మొదటి పరీక్షలన్నీ మళ్ళీ పెట్టించాను, ఒక్కొక్క పిల్లకి ఎదురుగా నేనే కూర్చుని. నన్ను తీసేస్తారని అనుకున్నాను, తీసేయలేదు. 2015లో నేనే మానేశాను.

మానేసే ముందు ఒకసారి ఇండియన్ స్టోర్‌లో విజయ కనిపించింది. కరివేపాకు ఏరుకుంటూ చాలాసేపు ఏవేవో మాట్లాడి, చివరికి ఆ వీడియో ఇంకా తన ఫోన్‌లో ఉందని చెప్పింది. బొమ్మ చూడదట, చూస్తే భయమట. ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ బోర్లా పెట్టి, గొంతు ఒక్కటే వింటుందట. "అలా మాట్లాడే పిల్ల దాంట్లో ఎక్కడో ఉందిగా సలోమి గారూ?" అని అడిగింది. ఉంటుందేమో, నాకు తెలియదు విజయా అన్నాను.

దెబ్బ తగిలిన మనిషిలో ఏం తగ్గిందో చూడమని మాకు చదువులో నేర్పారు. నడక తడబడిందా, మాట ముద్దగా వచ్చిందా, చూపు మసకబారిందా అని. ఆ ఫిబ్రవరి తర్వాత నా కింద పనిచేసిన ప్రతి ట్రైనర్‌కీ నేను ఇంకొకటి కలిపి చెప్పాను. పిల్ల ఉన్నట్టుండి ఎన్నడూ ఆడనంత బాగా ఆడుతుంటే, చప్పట్లు కొట్టేముందు ఆట ఆపించి, దగ్గరికి వెళ్ళి, దాని పేరు అడగండి.